ఊదు పెట్టె

చిన్నా,

కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేస్తున్నావట. "అమ్మకి చెప్పకు" అని నువ్వు అక్కతో అన్న మాట కూడా నా దాకా వచ్చిందిలే. పని చేస్తున్నందుకు కాదు, దాచినందుకు కోపం వచ్చింది.

ఈమధ్య అబ్దుల్‌రజాక్ గుర్నా రాసిన 'బై ద సీ' నవల చదివాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని పన్నెండు రోజులు పట్టింది. 2021లో సాహిత్యానికి నోబెల్ వచ్చిందే, ఆయన. 1948లో తూర్పు ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో పుట్టాడు. 1964లో అక్కడ విప్లవం వచ్చి సుల్తాను గద్దె దిగాక, అరబ్బు మూలాలున్న కుటుంబాలకి దినదినగండమైంది. పద్దెనిమిదేళ్లకే ఇల్లు వదిలి నువ్వున్న ఇంగ్లండుకే చేరాడు. అక్కడ ఆసుపత్రిలో ఏం చేశాడనుకున్నావు? వార్డుబాయ్ పని. ఇంటిమీద బెంగతో ఏవేవో రాసుకోవడం మొదలుపెట్టాడు గానీ, అప్పటికి రచయిత కావాలన్న ఆలోచనే లేదట. తొలి నవల అచ్చయింది 1987లో. ఈలోగా చదువుకుని, డాక్టరేట్ చేసి, కెంట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. నోబెల్ ఫోన్ వచ్చినప్పుడు డెబ్బై రెండేళ్ల మనిషి వంటింట్లో ఉన్నాడు. మనకి లోన్లంటూ వస్తాయి చూడు, అలాంటి కాల్ అనుకున్నాడట!

'బై ద సీ'లో సలే ఒమర్ అని ఒక పెద్దాయన శరణార్థిగా లండన్ ఎయిర్‌పోర్టులో దిగుతాడు. ఇంగ్లీషు వచ్చు, రానట్టు నటిస్తాడు. సామాన్లో చిన్న చెక్కపెట్టె, అందులో ఊదు. మన ఊదుబత్తి అనే మాటలో ఉన్న ఊదే. ఆఫీసరు పెట్టె మూత తీసి వాసన చూసి, అది తన దగ్గరే ఉంచేసుకుంటాడు. ముసలాయన నోరు మెదపడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. నీ స్వెట్టర్ల మధ్య నేను కుక్కిన ఆవకాయ డబ్బా గుర్తొచ్చింది. "ఏమన్నా అడిగితే తీసి చూపించు, భయపడకు" అని నీకు ఎన్నిసార్లు చెప్పానో.

ఆయనదే ఇంకో నవల 'పారడైజ్' ఇంకా మొదలుపెట్టలేదు. అందులో తండ్రి అప్పు కింద పన్నెండేళ్ల కొడుకుని ఒక వ్యాపారి వెంట పంపించేస్తాడట. నీ చదువుకి మనం తీసుకున్న లోను గుర్తొచ్చి చెయ్యి ఆడలేదు. నవ్వకు.

ఒక్క సంగతి మాత్రం మనసులోంచి పోవట్లేదు. గుర్నా మళ్లీ జాంజిబార్ వెళ్లగలిగింది 1984లో. తండ్రిని చూశాడు. కొన్నాళ్లకే ఆ తండ్రి పోయాడు.

తాతయ్య రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని నీ ఫ్లైటు ఎప్పుడని అడుగుతున్నారు. వచ్చే నెలలోనని అబద్ధం చెబుతున్నాను. సంక్రాంతికి సెలవు దొరక్కపోతే ఉగాదికైనా చూడు. టికెట్ డబ్బులు నేను సర్దుతాను, నాన్నతో అనకు.

అమ్మ