తమ్ముడి విషయంలో తొందరపడకండి నాన్నా

లైప్‌జిగ్

నాన్నకు నమస్కారాలు.

తమ్ముణ్ణి కూడా జర్మనీ పంపించేద్దామని మామయ్య అంటున్నారని అమ్మ ఫోనులో చెప్పింది. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టాలనుకుంటున్నారట. దయచేసి ఆ పని ఇప్పుడే చేయకండి. ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఫీజు లేదన్నది నిజమే. కానీ వీసాకు ముందే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ఖాతాలో చూపించాలి. మన లెక్కలో పది లక్షల పైమాటే. అంత అప్పు నెత్తిన పెట్టుకుని వచ్చాక, ఈ చదువు నచ్చలేదని చెప్పడానికి వాడికి నోరు రాదు. నా భయమంతా అదే. ఇక్కడికి రావాలని నాకు ఇంటర్ నుంచే ఉండేది. వాడు ఆ మాట ఎప్పుడైనా అన్నాడా?

అనంతపురంలో గ్రూప్స్ కోచింగులో చేరి మానేశాడు, కంప్యూటర్ కోర్సూ మానేశాడు. ఊళ్లోవాళ్లకు ఈ మానేయడాలే కనిపిస్తున్నాయి. లేపాక్షిలో వాడు గీసిన నంది బొమ్మ మీరు చూశారు కదా. మనమంతా గుడి చూసి వచ్చేసరికి ఎండలో కూర్చుని, వేరుశనగ మండీ చీటీ వెనక, నంది మెడలోని గంటల్ని ఒక్కొక్కటే గీస్తున్నాడు. గొలుసు ఏ కొక్కెం దగ్గర వంగిందో అది కూడా వదల్లేదు. భోజనానికి పిలిస్తే పలకలేదు. నిలకడ లేనివాడు అలా కూర్చోగలడా?

ఇక్కడి పిల్లలు బడిలో ఉండగానే రెండు మూడు వారాలు ఏదో ఒక పనిచోటికి వెళ్లి చూసి వస్తారు. తర్వాత చాలామంది నచ్చిన పనిలో చేరి రెండు నుంచి మూడున్నరేళ్లు నేర్చుకుంటారు. వారంలో ఒకటి రెండు రోజులు తరగతులు, మిగతా రోజులు పని, నెలనెలా కొంత జీతం. మనం ఏ పనీ దగ్గరగా చూడనివ్వకుండానే జీవితమంతా తేల్చుకోమంటున్నాం. పదును చూడకుండా మీరు విత్తనం వేయరు కదా నాన్నా.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేలా పలచన చేసి, బొమ్మ గీసి, సన్నని రంధ్రాలు కొట్టి రంగులద్దుతారు. ఆటలు తగ్గాక దీపాలకు గొడుగులు కూడా చేసి అమ్ముతున్నారు. తమ్ముడి చేతికి తగిన పని అక్కడ ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. వాళ్లు ఒప్పుకుంటే ఆరు నెలలు వెళ్లి నేర్చుకోనివ్వండి. బస్సు ఖర్చు, భోజనం, నేర్పేవారికి ఇవ్వాల్సింది అంతా నేను పంపుతాను. నచ్చకపోతే వచ్చేస్తాడు. అప్పుడు మాత్రం ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనకూడదు.

మామయ్యకు నేనే ఫోను చేసి చెబుతాను, మీరు మొహమాటపడకండి. ఈలోగా వాడి ముందు అప్పు మాట ఎత్తవద్దు. అమ్మ మోకాళ్ల నొప్పికి డాక్టరు రాసిన మందులు ఆపకుండా వేసుకోమనండి.

మీ పెద్దమ్మాయి