గీసినవారే కడితే

సంపాదకులకు,

అయ్యా,

ముప్ఫై ఏళ్లకు పైగా నిర్మాణ స్థలాల్లో పనిచేసి రిటైరైన సివిల్ ఇంజినీరును నేను. భవనం తలపెట్టినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: డిజైన్ ఒక సంస్థకు, నిర్మాణం వేరే కాంట్రాక్టరుకు ఇవ్వడం మంచిదా, లేక రెండూ ఒకే సంస్థకు అప్పగించడం మంచిదా? విడివిడిగా ఇస్తే ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారని చాలామంది నమ్మకం. నా అనుభవం వేరు. ఇద్దరూ తమ తమ పని వరకే చూసుకుంటారు, ఇద్దరికీ మధ్య ఉన్న పని ఎవరికీ చెందకుండా పోతుంది. కాబట్టి తగిన జాగ్రత్తలతో రెండూ ఒకే సంస్థకు ఇవ్వడమే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

నేను కాంట్రాక్టరు తరఫున సైట్ ఇంజినీరుగా ఉన్న ఒక ఆసుపత్రి భవనంలో అంతస్తు ఎత్తు 3,300 మిల్లీమీటర్లు. వరండాలో ఫాల్స్ సీలింగు నేల నుంచి 2,600 మిల్లీమీటర్ల ఎత్తున రావాలని ఆర్కిటెక్టు డ్రాయింగులో ఉంది. అదే వరండాకు అడ్డంగా, స్లాబుతో కలిపి 600 మిల్లీమీటర్ల లోతున్న బీములు స్ట్రక్చరల్ డ్రాయింగులో ఉన్నాయి. ఆ బీముల కింద నుంచి 400 మిల్లీమీటర్ల ఏసీ డక్టు పోవాలని మూడో సంస్థ గీసింది. డక్టు కింద స్ప్రింక్లర్ పైపుకు, సీలింగు ఫ్రేముకు కలిపి మరో 150 కావాలి. అన్నీ తీసేస్తే సీలింగుకు మిగిలే ఎత్తు 2,150. ఏ డ్రాయింగుకు ఆ డ్రాయింగు సరిగానే ఉంది. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పరిచి చూడవలసిన బాధ్యత మాత్రం ఎవరి ఒప్పందంలోనూ లేదు. రెండు స్లాబులు పోసి, సెంట్రింగు విప్పి, డక్టు పనివాళ్లు నిచ్చెన ఎక్కి టేపు పట్టినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. ఆ తరువాత ఏడు వారాల పాటు తప్పు ఎవరిదని ఉత్తరాలు నడిచాయి. చివరికి డక్టును చిన్న పాయలుగా విడదీసి రెండు వైపులా గదుల మీదుగా తీసుకుపోయాం. ఈలోగా పని లేక వేరే సైట్లకు వెళ్లిపోయిన మేస్త్రీలను తిరిగి రప్పించుకోవడానికి మరో నెల పట్టింది.

ఆ ఖర్చంతా యజమాని మీదే పడింది. అన్యాయంగా కనిపించినా, విడివిడి ఒప్పందాల్లో అది సహజంగా జరిగేదే. కాంట్రాక్టరుకు డ్రాయింగులు ఇచ్చేది యజమాని కనుక వాటిలోని లోపానికీ ఆయనే జవాబుదారీ అవుతాడు. యజమాని ఇచ్చిన ప్లాన్ల ప్రకారం కట్టే కాంట్రాక్టరు ఆ ప్లాన్లలోని లోపాల పర్యవసానాలకు బాధ్యుడు కాడని అమెరికా సుప్రీంకోర్టు 1918లోనే స్పియరిన్ కేసులో తేల్చింది. డిజైనరును నిలదీద్దామంటే, వృత్తిలో తగిన నైపుణ్యం, జాగ్రత్త చూపించానని నిరూపించుకుంటే సాధారణంగా ఆయన బయటపడతాడు. డిజైన్, నిర్మాణం కలిపి ఇచ్చే ఒప్పందాల కోసం కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ 1999లో తెచ్చిన ఎల్లో బుక్కు అనే నమూనా ఒప్పందం ఇంతకంటే ముందుకు వెళ్లింది. పూర్తయిన కట్టడం ఒప్పందంలో చెప్పిన ప్రయోజనానికి పనికివచ్చేలా ఉండాలన్న బాధ్యతను అది నేరుగా కాంట్రాక్టరు మీద పెట్టింది. అప్పుడు యజమాని ఒక్కరినే అడిగితే చాలు.

నష్టం డబ్బుతో పోతే సరే. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. 1981 జులై 17న అమెరికాలో కాన్సాస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో లాబీ మీద వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. నాలుగో అంతస్తు వంతెన, దాని కింద రెండో అంతస్తు వంతెన, రెండూ పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి రాడ్లకు వేలాడాలని మొదటి డిజైన్. అంత పొడవు రాడ్డుకు మర తీసి నట్టును మధ్య దాకా ఎక్కించడం కష్టమని, ఉక్కు పని చేసే సంస్థ రాడ్డును రెండుగా మార్చింది. ఒకటి పైకప్పు నుంచి నాలుగో అంతస్తు వంతెన దాకా, రెండోది అక్కడి నుంచి కింది వంతెన దాకా. దాంతో పై వంతెన బీము కింద ఉన్న నట్టు, తన వంతెన బరువుతో పాటు కింది వంతెన బరువునూ మోయవలసి వచ్చింది, అంటే రెట్టింపు భారం. మారిన డ్రాయింగు మీద డిజైన్ ఇంజినీర్ల ఆమోదముద్ర పడింది కానీ ఆ జాయింటుకు లెక్క వేసినవారు లేరు. అది అవతలివారి పని అని ఎవరికి వారే అనుకున్నారు. మొదటి డిజైను కూడా నిబంధనల ప్రకారం చాలినంత బలంగా లేదని దర్యాప్తులో తేలింది కనుక, ఒకే సంస్థ అయితే ప్రమాదం తప్పేదని నేను ఖాయంగా అనను. అయితే ఆ రాడ్డు ఇబ్బంది డిజైన్ గీస్తున్న రోజునే, అదే బల్ల దగ్గర తెలిసి ఉండేది.

కట్టేవాడి చేతి అనుభవం డ్రాయింగులోకి ముందే రావడం, రెండూ ఒకే సంస్థకు ఇచ్చే ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. బీము, కాలమ్ కలిసే చోట లెక్క ప్రకారం రాడ్లన్నీ పడతాయి కానీ, అక్కడ కాంక్రీటును కదిపి సర్దే 40 మిల్లీమీటర్ల వైబ్రేటర్ నీడిల్ దూరే సందు ఉందో లేదో లెక్కలో కనిపించదు. సందు లేకపోతే కాంక్రీటు కిందికి దిగక, షట్టరు విప్పాక తేనెపట్టులా గుల్లలు తేలతాయి. ఇది రాడ్లు వంచి కట్టే రాడ్ బెండరుకు చూడగానే తెలుస్తుంది. విడి ఒప్పందంలో అతని మాట డిజైనరు దాకా చేరేసరికి కాంక్రీటు లారీ వచ్చి నిలబడి ఉంటుంది.

కాలం కలిసిరావడం గురించి వేరే చెప్పనక్కరలేదు. లోపలి పనుల డ్రాయింగులు పూర్తికాకముందే పునాదులు మొదలుపెట్టవచ్చు. మినియాపొలిస్‌లో 2007 ఆగస్టు 1న కూలిన ఐ-35డబ్ల్యూ వంతెన స్థానంలో, ఈ పద్ధతిలోనే డిజైన్ చేసి కట్టిన కొత్త వంతెన మీద 2008 సెప్టెంబరు 18న వాహనాలు తిరిగాయి. ఆ పని దక్కిన బృందం అందరికంటే తక్కువ ధర చెప్పినది కాదు. సాంకేతిక ప్రతిపాదనకూ మార్కులు వేసి ఎంపిక చేశారు.

అయితే ఈ పద్ధతి మీద అభిమానంతో దాని ప్రమాదాన్ని దాచడం తప్పు. 2018 మార్చి 15న మయామీలో ఒక విశ్వవిద్యాలయం దగ్గర కడుతున్న పాదచారుల వంతెన కూలి ఆరుగురు మరణించారు. అదీ డిజైన్, నిర్మాణం కలిపి ఇచ్చిన పనే. పగుళ్లు ముందే కనిపించాయి, ఆ ఉదయమే వాటి మీద సమావేశమూ జరిగింది, అయినా కింద రోడ్డు మూయలేదు. డిజైన్ లెక్కల్లో తప్పులు ఉన్నాయని, వాటిని స్వతంత్రంగా సరిచూడవలసిన సంస్థ పట్టుకోలేకపోయిందని అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది. గీసేవారు, కట్టేవారు ఒకే పక్షాన ఉన్నప్పుడు యజమాని పక్షాన నిలబడి చూసే కన్ను మరింత అవసరం.

అందువల్ల ఒకే సంస్థకు పని ఇచ్చేవారికి నా విన్నపం ఇది. ముందుగా మీకు కావలసినది వివరంగా రాసి ఇవ్వండి. ఏ గదిలో ఎంత ఎత్తు, ఏ అంతస్తు మీద ఎంత బరువు, ఏయే వస్తువులు ఏ నాణ్యతవి అన్నవి అందులో ఉండాలి. ఎందుకంటే రాయనిదంతా కాంట్రాక్టరు ఇష్టానికి వదిలినట్టే. ఆ సంస్థతో ఏ సంబంధమూ లేని ఇంజినీరును ఒకరిని మీరే ఫీజు ఇచ్చి పెట్టుకోండి. లెక్కలన్నీ ఆయన చూడాలి, స్లాబు పోసే ముందు రాడ్లు ఆయన చూడాలి, అనుమానం వస్తే పని ఆపించే అధికారం ఆయనకు ఉన్నట్టు ఒప్పందంలోనే రాసి ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు