కొత్త పాట వింటే చెవులు అరిగిపోతాయా?

సంపాదకుడు గారికి,

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో వచ్చిన పాత రాక్ బృందాల వ్యాసం గురించి ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

మీ విలేకరి గారి బాధ ఇదీ: డెబ్బై, ఎనభై ఏళ్ళ ముసలాళ్ళు గిటార్లు తగిలించుకుని టూర్లకు బయల్దేరి, జనం అడిగే పాత హిట్లు పక్కన పెట్టి, ఎవరికీ అక్కర్లేని కొత్త పాటలు అంటగడుతున్నారట. వేలకు వేలు పోసి టికెట్ కొన్నవాడు కొత్త పాట మొదలవగానే లేచి బాత్రూమ్‌కి వెళ్తున్నాడట. కాబట్టి పాతవి నాలుగు పాడి, దండం పెట్టి దిగిపోవాలట. ఆయనకి ఒక్కటే ప్రశ్న. ఆ హిట్లు పుట్టినప్పుడే పాతవా? మొదటిసారి స్టేజీ మీద పాడిన రోజున వాటినీ ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని వినబట్టే కదా ఇవాళ వీరికి అవి కావలసొచ్చాయి!

వ్యాసంలో ఎక్కువ చీవాట్లు తిన్నది ఇంగ్లండ్ హెవీ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ కాబట్టి వాళ్ళ సంగతే చూద్దాం. 2006లో కొత్త ఆల్బం రాగానే ఆ టూర్‌లో దాన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసపెట్టి వాయించారు. పాతవి చివర్లో ఓ ఐదు. పాతవి పాడమని జనం గోల చేశారు, నిజమే. మీ వ్యాసం అక్కడే ఆగిపోయింది. తర్వాత కథ ఎవరు రాస్తారు? 2008లో ఆ బృందమే దాదాపు అన్నీ ఎనభైల నాటి పాటలే పెట్టుకుని, గాయకుడు బ్రూస్ డికిన్సన్ స్వయంగా నడిపిన విమానంలో లోకం చుట్టింది. 2010లో మళ్ళీ కొత్తవాటి వైపు మళ్ళింది. 2023లో 2021 ఆల్బం నుంచి కొన్ని, 1986 ఆల్బం నుంచి కొన్ని. 2025లో యాభయ్యో ఏడు వచ్చింది కాబట్టి 1992 దాకా వచ్చిన తొమ్మిది ఆల్బంల పాటలే. ఒక టూర్ కొత్తకి, ఒక టూర్ పాతకి. ఇంకేం చెయ్యాలి, ఇంటింటికీ వచ్చి అడగాలా?

ఇందులో ఇంకో తమాషా ఉంది. 1986 ఆల్బంలోని అలెగ్జాండర్ చక్రవర్తి పాటని వాళ్ళు 2023 దాకా ఒక్కసారి కూడా స్టేజీ మీద వాయించలేదు. ముప్పై ఏడేళ్ళ తర్వాత మొదటిసారి వాయిస్తే అభిమానులు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మరి మీ లెక్కలో అది పాత పాటా, కొత్త పాటా?

2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో నేనూ ఉన్నాను. ఆ రోజుల్లో ఇలాంటి కచేరీ వినాలంటే మనవాళ్ళు కాచిగూడలో రాత్రి రైలెక్కాల్సిందే. ఆ సాయంత్రం వాళ్ళు మొదలుపెట్టిందే కొత్త ఆల్బం పాటతో. నా పక్కన వరంగల్ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాళ్ళు, నల్ల టీషర్టులు చెమటకి వీపుకి అతుక్కుపోయి, ఆ కొత్త పాటని పొల్లుపోకుండా పాడుతున్నారు. సీడీ ఒకడు కొంటే మిగతావాళ్ళు కాపీ చేసుకుని నెలల తరబడి అరగదీశారట. నాకు తెలిసి ఒక్కడూ బాత్రూమ్‌కి కదల్లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. లండన్ వాడికి ఈ టూర్ నచ్చకపోతే రెండేళ్ళాగి ఇంకోటి వస్తుంది. మనకి అలా కాదు, వచ్చినవాడు మళ్ళీ వస్తాడో రాడో తెలీదు. కాబట్టి ఇటు వచ్చినప్పుడు పాతవి ఎక్కువ పాడమని అడగడం న్యాయమే. కానీ ఇంకో పాత ఇంగ్లండ్ బృందం రోలింగ్ స్టోన్స్ సంగతి చూడండి. సొంత పాటల ఆల్బం 2005లో ఒకటి, మళ్ళీ 2023లో ఒకటి. పద్దెనిమిదేళ్ళ తర్వాత కొత్త పాటలు కట్టి, 2024 అమెరికా టూర్‌లో రెండు గంటల కచేరీలో అవి పాడింది మూడో నాలుగో. మిగతావన్నీ జనానికి కంఠతా వచ్చినవే. ఆ నాలుగు పాటలకే ఇంత యాగీనా? పద్యనాటకాల రోజుల్లో పడకసీను దగ్గరే వన్స్‌మోర్లు కొట్టి, తెల్లారేదాకా కృష్ణుణ్ణి మంచం దిగనివ్వని మహానుభావులుండేవారు. వాళ్ళ వారసులు మీ ఆఫీసులో చేరినట్టున్నారు.

గొంతు సంగతి అసలు ఎత్తనే లేదు మీరు. పాతికేళ్ళ వయసులో తారస్థాయిలో అరిచి పాడిన పాటని డెబ్బై దాటాక అదే శ్రుతిలో పాడమంటే ఎలా? డీప్ పర్పుల్ అనే రాక్ బృందం గాయకుడు ఇయాన్ గిలాన్ 1970 నాటి తన ప్రసిద్ధ కేకల పాటని 2002 తర్వాత పాడటమే మానేశాడు. గొంతు సహకరించకపోతే గౌరవంగా తప్పుకోవడం అది. ఆ బృందమే 2024లో కూడా కొత్త ఆల్బం చేసింది. ఆ పాటలు ఇప్పటి గొంతుకి కుదిరేలా కట్టుకున్నవి కాబట్టి హాయిగా పాడగలుగుతాడు. పాతవి శ్రుతి దించి పాడితే ‘పస తగ్గింది’ అని రాసేదీ మీరే, కొత్తవి పాడితే ‘ఎవరడిగారు’ అనేదీ మీరే.

అసలు ఈ పాత పాటల జబ్బు బయటి దేశాలది మాత్రమేనా? మన హైదరాబాద్‌లో జరిగే సినిమా సంగీత కచేరీలకి మీ విలేకరి ఎప్పుడైనా టికెట్ కొనుక్కుని వెళ్ళారా? పాసు మీద కాదు, కొనుక్కుని. పల్లవి పాడతారు, చప్పట్లు పడగానే ఇంకో పల్లవి ఎత్తుకుంటారు. చరణం వినాలంటే ఇంటికెళ్ళి ఫోన్‌లో పెట్టుకోవాలి. దీనికి మెడ్లీ అని పేరు. ఆరున్నరకని కార్డు మీద వేసి ఎనిమిదింటికి మొదలుపెడతారు, ఎందుకంటే ముఖ్య అతిథి గారు ఇంకా దారిలో ఉంటారు. ఆయన వచ్చాక జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ‘నేను కూడా చిన్నప్పుడు పాడేవాణ్ణి’ అని ఒక ఉపన్యాసం. ముందు వరసలన్నీ పాసుల వాళ్ళవి, అధికారులూ వాళ్ళ బావమరుదులూ. మూడో పాటకి వాళ్ళు భోజనానికి లేచిపోతే ఆ కుర్చీలు ఖాళీగా ఉంటాయి, డబ్బు కట్టినవాడు మాత్రం స్తంభం వెనకాల నుంచి మెడ సాచి చూస్తుంటాడు. పదింటికి మైకు ఆపాలన్నది రూలు, దాన్ని తప్పుపట్టను. కానీ సన్మానాలకి పోయిన గంటన్నర మొత్తం పాటల్లోంచే ఎందుకు కోస్తారు? ఉపన్యాసం మధ్యలో కరెంటు తీసిన అధికారిని ఒక్కణ్ణి చూపించండి, నేనే శాలువా కప్పుతాను.

వీటి మీద మీ పత్రిక ఒక్క ముక్క రాయదు. వాటి ప్రకటనలు మొదటి పేజీలో వస్తాయి కాబట్టి కాబోలు. ఒకప్పుడు ఇదే పత్రికలో కచేరీ మర్నాడు సమీక్ష వచ్చేది. ఏ పాట ఎలా పాడారో, ఎక్కడ తడబడ్డారో ఉండేది. ఇప్పుడు ఎవరు ఏ డ్రెస్సులో వచ్చారో ఉంటోంది.

ఇంకో విషయం. ఆ వ్యాసంతో పాటు వేసిన ఫొటోలో ‘ప్రధాన గాయకుడు’ అని మీరు పేరు కింద రాసిన పెద్దమనిషి డ్రమ్మర్. చేతుల్లో పుల్లలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. సవరణ వేస్తారేమోనని అప్పట్నుంచి రోజూ లోపలి పేజీలు వెతుకుతున్నాను. ఇంతవరకు వెయ్యలేదు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
సికింద్రాబాద్