ఫోను విప్పినందుకు చీటీ ముక్కయినా ఇప్పించండి: కేంద్ర హోంశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడిలో చిన్న బట్టల కొట్టు నాది. చెక్‌పోస్టులో నా ఫోను విప్పించి నలుగురిలో చదివించారని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. ఎక్కడెక్కడ పెట్టానో రాయను, వాళ్లకు నామోషీ ఎందుకు. జవాబు మాత్రం ఒక్క చోటు నుంచీ రాలేదు. మనం పంపని మాటలు చదవడానికి ఇన్ని ఏర్పాట్లున్నాయి కదా, పంపిన కాగితం చదవడానికి మనిషి లేడా అని మా ఆవిడ అడుగుతోంది.

సంక్రాంతికి ముందు సరుకు తెచ్చుకుని బండి మీద వస్తుంటే చెక్‌పోస్టులో ఆపారు. గంజాయి తనిఖీ. చెయ్యాల్సిందే, నేను కాదనను. లుంగీల మూట విప్పారు, చూశారు, మళ్లీ కట్టి ఇచ్చారు. తర్వాత ఫోను అడిగారు. లాక్ తీయమన్నారు, తీశాను. వాట్సాప్‌లో అన్నీ తెలుగు అక్షరాలే. తనిఖీ చేసే ఆయనకు ఒడియా తప్ప రాదు. ఫోను నా మొహం ముందు పెట్టి ‘పఢ’ అన్నాడు.

చదివాను. వెనక వరసలో మా వీధివాళ్లు ఇద్దరున్నారు. పైనున్నది మా చెల్లెలి మెసేజీ: ‘అన్నయ్యా, పిల్ల థైరాయిడ్ మాత్రలు వేసుకుంటున్న సంగతి పెళ్లివారి దగ్గర ఎత్తకు.’ మధ్యలో ఆపితే ‘ఇంకా’ అన్నాడు. కట్నం బేరం కూడా చదివించాడు. ఆ సంబంధం తర్వాత తప్పిపోయింది. ఆ రోజు వల్లే తప్పిందని నేననలేను. కాదని మా చెల్లెలికి చెప్పే మొహమూ లేదు నాకు. మూటలో ఉన్న లుంగీలకు బిల్లుంది. ఫోను విప్పినందుకు ఏ కాగితమూ లేదు, పుస్తకంలో రాసిందీ లేదు. అర్జీలో జత చెయ్యడానికి నా దగ్గర ఏముంది?

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాటగా చెప్పారు. ఆ మాట మా చెక్‌పోస్టు దాకా రావడానికి ఏ రోడ్డు బాగాలేదో మరి.

నిజానికి నా గతే నయమనుకుంటున్నాను. నా మాటలు విన్న మనిషి మొహమైనా చూశాను. ఎవరి కంప్యూటర్‌లోకైనా చూడొచ్చని 2018 డిసెంబరు 20 ఉత్తర్వులో మీ శాఖ పేర్లు రాసిన పది సంస్థలు ఎవరి కంప్యూటర్‌లోకి చూశాయో ఆ మనిషికి ఏనాటికీ తెలియదు. అనుమతిచ్చేది హోం కార్యదర్శి. అది సబబా కాదా చూసేది కేబినెట్ కార్యదర్శి, ఇంకో ఇద్దరు కార్యదర్శులు. జడ్జి లేడు. రెండు నెలలకోసారి కూర్చునే ఆ కమిటీ ముందుకు ఒక్కో విడతలో 15 వేల నుంచి 18 వేల నిఘా ఆదేశాలు వస్తాయని, డేటా రక్షణ మీద కేంద్రమే వేసిన శ్రీకృష్ణ కమిటీ 2018లో రాసింది. కాగితానికి నిమిషం చొప్పున వేసినా, తిండీ నిద్రా లేకుండా పది రోజుల పైనే. అంత ఓపిక ఉన్న అధికారులు మా తాలూకాలో ఒక్కరున్నా నా అర్జీ కదిలేది. అక్కర్లేని రికార్డులు ఆరు నెలలకోసారి చెరిపేయాలని కూడా ఆ నిఘా రూల్సే అంటున్నాయి. ఇక అడగడానికి మిగిలేదేమిటి?

ఖాతాదారుల నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కించుకుంటే జనం వివరాలు కాపాడే 2023 డేటా చట్టం నన్ను నిలదీస్తుందట. అదే చట్టం 17వ సెక్షన్‌లో, దేశ భద్రత, శాంతిభద్రతలు అని మీ సంస్థలను ఒక్క నోటిఫికేషన్‌తో తప్పించవచ్చట. బాగుంది.

దొంగను పట్టొద్దనడం లేదు బాబూ. ఫోను తీసుకుంటే ఎందుకు తీసుకున్నారో చీటీ ఇమ్మనండి. చూసిన వాళ్లే సరిచూసుకోకుండా పైన ఒక జడ్జినైనా కూర్చోబెట్టండి. నలుగురిలో చదివించకండి. మళ్లీ అడుగుతున్నాను, చీటీ ఇప్పించండి.

ఈ ఉత్తరం కూడా తెలుగులోనే రాశాను. చదివి వినిపించే మనిషి కావాలంటే కబురు పెట్టండి. నాకు అలవాటైంది.

ఇట్లు
పర్లాకిమిడి బట్టల కొట్టువాడు