ఏ2 గ్రేడు పిల్లాడికి వైకల్యమేమిటి?

సంపాదకులకు,

వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరం దగ్గర తల్లులు పిల్లల్ని ఎత్తుకుని పడిగాపులు కాశారని పోయిన వారం జిల్లా పేజీలో రాశారు. కుర్చీల్లేవు, మంచినీళ్లు లేవు. నిజమే. లోపల డాక్టరు బల్ల మీద ఏం లేదో కూడా రాయాల్సింది. పిల్లాడు బడిలో ఎలా ఉంటాడో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

కాలో చెయ్యో అయితే కొలిచి శాతం వేస్తారు. చదవడం, రాయడం, లెక్కల్లో ఉండే అభ్యసన వైకల్యం పది నిమిషాల్లో కంటికి కనిపించేది కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో అదీ ఒకటి. మూడో తరగతిలోనో ఎనిమిదేళ్లకో టీచరే చెక్‌లిస్టు పెట్టి గుర్తించాలని, బడిలో ప్రధానోపాధ్యాయుడి అధ్యక్షతన కమిటీ ఉండాలని వైకల్య నిర్ధారణపై కేంద్రం ఇచ్చిన 2018 మార్గదర్శకాలు చెప్పాయి. ఆ తర్వాతే డాక్టరు, చూపు, వినికిడి, ఐక్యూ, చదవడం, రాయడం, లెక్కలు చూసే నిమ్‌హాన్స్ పరీక్షలు. ఆ కమిటీలు ఎన్ని బళ్లలో ఉన్నాయో డీఈఓ గారే సెలవివ్వాలి. మనవాళ్లకు ఇదంతా పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లేటప్పుడు గాని గుర్తురాదు. జవాబులు రాసిపెట్టే స్క్రైబు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం అప్పుడు కావాలి మరి!

పోనీ బడి రికార్డు పంపితే? ఎఫ్‌ఏలన్నింటా (బడిలో పెట్టే చిన్న పరీక్షలు) ఏ2, అంటే మంచి గ్రేడే. బోర్డు మీది జవాబులు చూసి దింపితే వచ్చిన మార్కులు. ఆ కార్డు చూసిన డాక్టరు "బాగానే చదువుతున్నాడుగా" అనక ఏమంటాడు? ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే భవిత కేంద్రానికి వెళ్లే పిల్లలది ఇంకో చిక్కు. అక్కడి ఐఈఆర్పీ (ప్రత్యేక) టీచరు రెండేళ్లు పక్కన కూర్చుని నేర్పితే పిల్లాడు తన పేరు రాస్తాడు. అది చూసి నయమైందనుకుంటారు. సాయం ఉంటే ఏం చేస్తాడో, సాయం తీసేస్తే ఎక్కడ ఆగుతాడో టీచరు విడివిడిగా రాసివ్వాలి.

డాక్టరుకు కావాల్సింది మార్కులు కాదు. దిద్దని నోటుబుక్కులు, ఏ తరగతి వాచకం దాకా తడుముకోకుండా చదవగలడో, ఎంతసేపు కుదురుగా కూర్చుంటాడో. బుద్ధిమాంద్యమైతే ఐక్యూతో పాటు రోజువారీ పనులూ చూస్తారు గనక, అన్నం తానే తింటాడా, మరుగుదొడ్డికి ఒక్కడే వెళ్తాడా అన్నదీ రాయాలి. తెలుగు మీడియం పిల్లాడితో ఇంగ్లిష్ పేరా చదివిస్తే తేలేది వాడి వైకల్యం కాదు, మన తెలివి.

ఇవన్నీ రాయడానికి ప్రత్యేక టీచరుండాలి కదా. ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, పైతరగతుల్లో 15 మందికి ఒకరు అన్న లెక్క సుప్రీంకోర్టు దాకా వెళ్లి వచ్చింది. ఇక్కడ ఉన్నవాళ్లకేమో యాప్‌లో ఫొటోలెక్కించడమే సరిపోతోంది. డిసెంబరు 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు, బ్యానర్లకు మాత్రం లోటులేదు.

ఎనిమిదేళ్లకు ఇచ్చిన అభ్యసన వైకల్య సర్టిఫికెట్టుకు 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్ష ఉంటుంది. అప్పటికి ఆ నోటుబుక్కులు కిలోల లెక్కన అమ్ముడుపోయి ఉంటాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రత్యేక ఉపాధ్యాయుడు