కొమ్ము తురుము పంపుతున్నాను

పర్లాకిమిడి,
ఆదివారం

అమ్మలూ,

నిన్న ఫోనులో జంతుకణం పాఠం మీద విసుక్కున్నావు. ఒక పక్క పేరు, ఇంకో పక్క దాని పని, బట్టీ పట్టడం తప్ప ఏముంది అన్నావు. నువ్వు ఇంట్లో వదిలేసిన పాత పుస్తకం తీశాను. ఒడియా అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేసరికి దీపాలు పెట్టే వేళయింది. సరిహద్దు దాటి పాతపట్నంలో చదివించి ఉంటే ఇదే పాఠం తెలుగులో ఉండేది. మైటోకాండ్రియా మాత్రం అక్కడా మైటోకాండ్రియానే!

పట్టిక పక్కన పెట్టు. నేను కొంగను చెక్కే గేదె కొమ్మునే చూడు. లోపలిది ఎముక, పైది తొడుగు. మన పనికి వచ్చేది తొడుగే, అదంతా చర్మకణాల పుణ్యం. అడుగున పుట్టిన ప్రతి కణానిదీ మొదట నిండు సంసారం. చుట్టూ ప్లాస్మా పొర, లోపల కేంద్రకం, మైటోకాండ్రియాలు, రైబోజోములు. కేంద్రకంలోని డీఎన్ఏ గడప దాటదు; కావలసిన భాగానికి నకలు మాత్రం బయటికి వస్తుంది. ఆ నకలు ప్రకారం రైబోజోములు కెరటిన్ అనే ప్రోటీన్‌ను అల్లుతాయి. ఆ పనికి ఖర్చయ్యే శక్తిని అందించే పదార్థం ఏటీపీ, అది చాలా మటుకు మైటోకాండ్రియాలలో తయారవుతుంది. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆ ఏటీపీని కండరంలోంచి వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. మీ పుస్తకంలో ఆ పేరు లేదు. నాకు కోపం వచ్చింది.

ఇప్పుడు అదే గేదె పొదుగు దగ్గరికి రా. అక్కడా రైబోజోములే. కాని పాల ప్రోటీన్ కణం దాటి బయటికి పోవాలి. అందుకని అక్కడి రైబోజోములు అంతర్జీవద్రవ్య జాలానికి, అంటే కణంలోని పొరల వలకు, అంటుకుని పని చేస్తాయి. సరుకు గాల్జీ అనే పొరల దొంతరకు చేరి, మెరుగులు దిద్దుకుని, చిన్న తిత్తుల్లో పొర దాకా వచ్చి పాలలో కలుస్తుంది. కెరటిన్‌కు ఆ ప్రయాణం లేదు. పుట్టిన కణంలోనే ఉండిపోవాలి గనుక కణద్రవ్యంలో విడిగా తిరిగే రైబోజోములే దాన్ని చేస్తాయి. రైబోజోములు అంటుకున్న ఆ జాలం, అదే గరుకు జాలం, ఎందుకని పరీక్షలో అడిగితే కొమ్మునూ పొదుగునూ పక్కపక్కన పెట్టి రాయి.

కెరటిన్ నిండిన కణం చివరికి తన సామాను తానే అరిగించుకుంటుంది. కేంద్రకం పోతుంది, మైటోకాండ్రియాలు పోతాయి, కణమూ పోతుంది. నేను రంపం పెట్టేది ఆ మిగిలిన కెరటిన్ మీదే. మొన్న కొంగ మెడ వంచడానికి కొమ్మును కాస్త ఎక్కువ కాచాను. టప్పున పగిలింది. జుట్టు కాలిన కంపు, వంటింట్లోంచి మీ అమ్మ కేకలు. జుట్టులో ఉన్నదీ కెరటినే, కంపు అందులోని గంధకానిది. ఈ మాట చెబితే మీ అమ్మ ఇంకా మండిపడింది.

పొట్లంలో కొమ్ము తురుము పెట్టాను. వేలి మీద పెడితే వేలిగీతలు కనిపించేంత పలుచగా తీశాను. మీ ల్యాబులో బుగ్గ లోపల గీకి, మిథిలీన్ బ్లూ వేసి చూస్తారు కదా, దాని పక్కనే దీన్నీ పెట్టి చూడు. బుగ్గ కణంలో కేంద్రకం నీలం చుక్కలా కనిపిస్తుంది, కొమ్ములో కనిపించకూడదు. ఏం కనిపించిందో ఫోనులో చెప్పకు, తెలుగులో రాసి పంపు. తప్పులకు మార్కులు తీయనులే.

మీ నాన్న