20 కిలోల గీత

మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ గిరిజన ఆశ్రమ పాఠశాలలో చదివిన కుర్రాడు 22 కిలోల గంజాయితో బస్సులో దొరికాడని రాశావు. "మోస్తే వాడికి దక్కేది నాలుగు డబ్బులు. దానికి పదేళ్లా?" అని అడిగావు. ఇలాంటి కేసులు వాదిస్తున్నవాడిగా నాకు తెలిసింది రాస్తాను. కాస్త పొడవైనా ఓపిగ్గా చదువు.

మన దేశంలో ఈ కేసుల్లో శిక్షను ముందుగా తేల్చేది త్రాసే. మత్తుపదార్థాల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టాన్ని 2001లో సవరించి, దొరికిన సరుకు బరువును బట్టి మూడు మెట్లు కట్టారు. గంజాయి కిలో వరకైతే ఏడాది దాకా జైలు. కిలో దాటి 20 కిలోల లోపైతే 10 ఏళ్ల వరకు ఎంతైనా వేయవచ్చు. అక్కడ జడ్జిగారు మనిషిని చూసి, పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. 20 కిలోలు దాటిందా, కనీసం 10 ఏళ్లు, గరిష్ఠం 20 ఏళ్లు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. హెరాయిన్‌కు ఆ గీత 250 గ్రాములు, ఎండీఎంఏ అనే మత్తుమందుకు 10 గ్రాములే. ఒకే బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చుని, ఒకడు 19 కిలోలు, ఇంకొకడు 21 కిలోలు మోశారనుకో. మొదటివాడు రెండు మూడేళ్లతో బయటపడవచ్చు. రెండోవాడికి 10 ఏళ్లకు ఒక్క రోజు తగ్గించే అధికారం కూడా జడ్జిగారికి లేదు.

తీర్పు రోజు ఎలా ఉంటుందో చెబుతాను. నేరం రుజువైందని ప్రకటించాక జడ్జిగారు ముద్దాయిని "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" అని అడుగుతారు. అడిగి తీరాలని చట్టం. "అమ్మ మంచంలో ఉందండీ, చిన్న పిల్లలండీ, నా కూలి మీదే ఇల్లు గడుస్తుందండీ, దయ చూపండి" అంటాడు. ఆ మాటలన్నీ తీర్పులోకి ఎక్కుతాయి. ఆ తర్వాత ఆయన చదివేది 10 ఏళ్లే. పక్కన నిలబడి వినడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. మొదటి తప్పు కదా అని మంచి ప్రవర్తన హామీ మీద వదిలేసే వెసులుబాటు పెద్దవాళ్లకు ఈ కేసుల్లో లేదు. జైల్లో బుద్ధిగా ఉంటే మిగతా ఖైదీలకు దొరికే శిక్ష తగ్గింపూ లేదు. రిమాండులో గడిపిన రోజులు మాత్రం శిక్షలో కలుస్తాయి. జరిమానా కట్టలేకపోతే ఇంకొన్ని నెలలు.

10 ఏళ్లకు మించి వేయాలంటే ఏం చూడాలో కూడా చట్టంలో ఉంది: ఆయుధాలు వాడారా, మైనర్లను వాడుకున్నారా, బడి దగ్గర జరిగిందా, ముద్దాయి ప్రభుత్వోద్యోగా, వెనుక అంతర్జాతీయ ముఠా ఉందా, ఇలాంటివి. పేదరికం సంగతికొస్తే సుప్రీంకోర్టే రెండు రకాలుగా స్పందించింది. 2012లో గుజరాత్ కేసులో మోసినవాళ్లు పేదలని, అది మొదటి తప్పని గమనించి 15 ఏళ్లను 10కి దించింది. 2021లో పంజాబ్ కేసులో, కిలో హెరాయిన్‌తో దొరికినవాడు తాను పేదవాడినని, కేవలం మోసినవాడినని వేడుకున్నా 15 ఏళ్లనే ఖాయం చేసింది. మత్తుకు బలైన పిల్లల తల్లిదండ్రులను చూసినవాడిగా ఆ రెండో తీర్పులోని కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఇంగ్లండులో కోర్టులు సరుకు పరిమాణంతో పాటు ముద్దాయి పాత్రనూ చూస్తాయి. దందా నడిపినవాడిది ఒక లెక్క, ఎవరో ఒత్తిడి చేస్తే లొంగి మోసినవాడిది ఇంకో లెక్క. మనకూ అది కావాలని గట్టిగా నమ్ముతున్నాను. డబ్బు పెట్టినవాడికీ మన చట్టంలో అదే 10 నుంచి 20 ఏళ్లు, కానీ వాడు మన్యంలోని చింతపల్లి బస్సు ఎక్కడు. దొరికేది మీ కుర్రాడే.

అందుకే మా పోరాటమంతా బరువు దగ్గరే. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కిందికి రావు. గోధుమరంగు టేపు చుట్టిన ప్యాకెట్లను విప్పి చూశారా, కవర్లతో సహా తూచారా, నమూనాలు మేజిస్ట్రేటు ముందు తీశారా, పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల రిపోర్టులోని బరువూ కోర్టుకు వచ్చిన బరువూ ఒకటేనా, ఇవన్నీ అడుగుతాం. 22 కిలోలన్నావు కాబట్టి ఇక్కడ రెండు కిలోలే వాడి జీవితం. పోలీసుల ముందు ఒప్పుకున్నాడని బెంగపడకు, ఆ ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. బెయిలు మాత్రం కష్టం. వాడు నిర్దోషి అని నమ్మడానికి కారణాలున్నాయని కోర్టుకు తోచాలి. 180 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే, కోర్టు గడువు పొడిగించకపోతే, అప్పుడు బెయిలు హక్కుగా అడగవచ్చు.

వాళ్ల నాన్నను పొలం అమ్మవద్దని చెప్పు. గిరిజనులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

ఇంకొకటి, ఇది నీ చేతిలోనే ఉంది. దొరికిన రోజుకు వాడికి 18 నిండాయా? నిండకపోతే కేసు ముందు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్లాలి. 16 దాటి ఉంటే పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది బోర్డు తేలుస్తుంది. వయసు నిరూపించడానికి మొదట చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రమే. మీ ప్రవేశ రిజిస్టరు తీసి వాడి పేరు ఎదుట ఉన్న తేదీ చూడు. ఆ పేజీ నకలుతో పాటు ప్రధానోపాధ్యాయుడి సంతకం, ముద్ర ఉన్న ధ్రువపత్రం వెంటనే పంపు. వాయిదా దగ్గరపడుతోంది.

నీ
నేస్తం